నువ్వు ముందే చెప్పావు

రాజమహేంద్రవరం,
మే 11

చిరంజీవి చిన్నికి,

అమ్మ ఆశీస్సులు. పోయిన ఆదివారం నువ్వు ఫోనులో అంతా చెప్పాక "సరే, తర్వాత మాట్లాడతాను" అని పెట్టేశాను. కోపం వచ్చిందనుకుని ఉంటావు. కోపం కాదు తల్లీ, నోట మాట రాలేదు. వేసవి సెలవులకు కూనూరు వెళ్లిన పిల్ల పది రోజులకు తిరిగొచ్చి, "అమ్మా, నాకొకరు నచ్చారు. విడాకులైన మనిషి, ఏడేళ్ల కూతురుంది" అంటే నాకు కాస్త సమయం పట్టింది. ఫోనులో చెప్పలేనిది కాగితం మీద చెప్పగలనని కూర్చున్నాను.

మొన్న రాత్రి నిద్ర పట్టక, నువ్వు టీవీలో చూపించి వెళ్లిన పాత సినిమాల్లో 'సమ్మర్‌టైమ్' పెట్టాను. మీ నాన్నగారూ వచ్చి పక్కన కూర్చున్నారు. 1955 నాటిది, డేవిడ్ లీన్ తీశాడు. ఆయన పేరు వింటే నాకు ఎడారులు, యుద్ధాలే గుర్తొచ్చేవి. ఇదేమో వెనిస్‌లో ఒక వేసవి సెలవు కథ. జేన్ అనే ఆవిడ, పెళ్లి కాలేదు, అమెరికాలో సెక్రటరీ ఉద్యోగం. ఎన్నాళ్లుగానో కూడబెట్టుకున్న డబ్బుతో ఒక్కతే వస్తుంది. క్యాథరిన్ హెప్‌బర్న్ వేసింది. చేతిలో చిన్న సినిమా కెమెరా, కనబడిందల్లా తీస్తూ ఉంటుంది. అలా తీస్తూ తీస్తూ వెనక్కి నడిచి కాలువలో పడుతుంది కూడా. మీ నాన్నగారు పగలబడి నవ్వారు. ఆ పడటం నిజంగా ఆవిడే పడిందట, ఆ నీళ్ల వల్ల వచ్చిన కంటి జబ్బు జీవితాంతం వదల్లేదట.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఒక కుర్చీ. పెద్ద చౌకులో కాఫీ బల్ల దగ్గర ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంటుంది. చుట్టూ అందరూ జంటలే. ఎదుటి కుర్చీని బల్లకు వాల్చి పెడుతుంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లారు, మళ్లీ వస్తారు అన్నట్టు. ఆ సమయానికే అటు వచ్చిన రెనాటో, ఆవిడ మనసు పడిన మనిషి, ఆ కుర్చీని చూసి తోడెవరో ఉన్నారనుకుని వెళ్లిపోతాడు. చిన్నీ, పుణెలో హోటల్లో ఒక్కదానివే కూర్చుని తినలేక అన్నం కట్టించుకుని గదికి తెచ్చుకుంటానని నువ్వొకసారి అన్నావు. అప్పుడు నేను "బయట తిండి తగ్గించు" అన్నాను. నువ్వు చెప్పింది తిండి గురించి కాదని ఆ కుర్చీ చూశాక తెలిసింది.

రెనాటోకు పాత సామాన్ల కొట్టుంది. అతని దగ్గర ఆవిడ ఎర్రటి గాజు పాత్ర ఒకటి కొంటుంది, పద్దెనిమిదో శతాబ్దం నాటిదని చెబుతాడు. తర్వాత ఆవిడ దిగిన బసలోనే ఉన్నవాళ్లు అచ్చం అలాంటివే ఆరు, కొత్తవి, కొనుక్కొస్తారు. ఆ తగాదా సరదాగానే సాగుతుంది. అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. కొట్లో ఉన్న కుర్రాడు తన మేనల్లుడని రెనాటో చెప్పి ఉంటాడు, అతను కొడుకని ఆ కుర్రాడి నోటనే తెలుస్తుంది. రెనాటో పెళ్లైనవాడు, భార్యకు దూరంగా ఉంటున్నాడు. ఆవిడ ముఖం చూడాలి అప్పుడు. అతనికి పెళ్లైందన్న దానికంటే తన దగ్గర దాచాడన్నదే ఆవిణ్ణి ఎక్కువగా కోసిందనిపించింది నాకు.

"అతను మాత్రం ఏం చేస్తాడు, అప్పటికి ఇటలీలో విడాకుల చట్టమే లేదు" అన్నారు మీ నాన్నగారు. కోర్టులో పనిచేసిన మనిషి కదా. అది 1970లో వచ్చిందట. విడాకులకు వీలిచ్చిన మన హిందూ వివాహ చట్టం మాత్రం ఆ సినిమా వచ్చిన 1955లోనే, మే నెలలోనే అమల్లోకి వచ్చిందని చెప్పారు. చట్టం ఇచ్చి డెబ్బై ఏళ్లైనా ఆ మాటను నేను ఇంట్లో గొంతు తగ్గించి పలుకుతున్నాను. ఈ ఉత్తరంలో మాత్రం పూర్తిగా రాశాను, చూడు.

నువ్వు ముందే చెప్పావు. అతను నీకు మొదటిరోజే చెప్పాడన్నావు. పాప తలంటుకుని దువ్వెన తెచ్చి నీ ఒళ్లో కూర్చుందని కూడా చెప్పావు. మూడురోజులుగా నేను వెతుకుతున్న భయానికి ఇందులో చోటు దొరకడం లేదు. మీ అత్తయ్యలు ఏమంటారోనన్న బెంగ ఉంది, అది నాది, నేను చూసుకుంటాను. అతనెందుకు విడిపోయాడో, పాప తల్లి ఎక్కడుందో, నువ్వు అడిగావా లేదా, ఇవి నాకు తెలియాలి. అడిగితే నొచ్చుకోకు.

చివర్లో జేన్ తనంతట తానే రైలెక్కుతుంది. రెనాటో ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకుంటూ వస్తాడు, అందుకోలేక ఆగిపోయి, చేతిలోని గార్డీనియా పువ్వు పైకెత్తి చూపిస్తాడు. ఆవిడ కిటికీలోంచి సగం బయటికి వాలి, కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతుంది. మీ నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. లేచి లైటు వేస్తూ ఒక్క మాటే అడిగారు, "ఆ పాప ఏ తరగతి?" అని.

వచ్చే శనివారం కాయ తెస్తున్నారు, ఆవకాయ కలపాలి. వాళ్లిద్దర్నీ తీసుకుని ఎప్పుడు వస్తావో రాయి. పాప కారం తింటుందా? తినదంటే బెల్లం ఆవకాయ ఒక జాడీ వేరుగా పెడతాను.

ప్రేమతో,
అమ్మ