నిద్ర పట్టకపోవడం వరద నష్టం కాదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

వానాకాలం వస్తే చాలు, మా విజయవాడ బుడమేరు వాగు గట్ల గురించి, గండ్ల గురించి పేపర్లో వార్తలు వస్తాయి. రావాలి కూడా. నేను రాసేది ఇంకో సంగతి.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. సింగ్‌నగర్‌లో మా ఇంట్లో పొద్దున మోకాళ్ల దాకా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి గొంతు లోతయ్యాయి. పై వాటాలో పదకొండు మందిమి మూడు రాత్రులు గడిపాం. తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చారు, కింది వాటాకి 25 వేలు, పై అంతస్తుకి 10 వేలు, బైకుకి 3 వేలు, ఆటోకి 10 వేలు. నిద్ర పడుతోందా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా అప్పుడు నవ్వేసేవాణ్నేమో.

రెండు నెలలకి మొదలైంది. తెల్లవారుజామున పక్కింటి ట్యాంకు నిండి నీళ్లు కిందపడే చప్పుడు వినపడితే చాలు, దిగ్గున లేచి మా ఆవిడ కుట్టుమిషన్ ఎత్తి మంచం మీద పెట్టేవాణ్ని. ఒంటినిండా చెమటలు. చిన్న మాటకే పిల్లల మీద అరిచేవాణ్ని. మా అత్తగారు తాయెత్తు కట్టించారు. పక్క సందులో ఒకాయన నిద్ర కోసం మందు తాగడం మొదలెట్టాడు, దాచడమెందుకు, నేనూ కొన్నాళ్లు అదే దారి పట్టాను.

చివరికి మా ఆవిడే 14416కి ఫోన్ చేసింది. టెలిమానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్లకి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్, 2022 నుంచీ ఉందట, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. వాళ్లు చెబితే సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. పీటీఎస్‌డీ అన్నారు, అంటే పెద్ద ప్రమాదం దాటాక కూడా ఆ భయం మనసులో ఉండిపోయే జబ్బట. అది మిలిటరీ వాళ్లకి కదండీ వచ్చేది అన్నాను. ప్రాణభయం పడ్డ ఎవరికైనా రావచ్చట, చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుందట, నెల దాటినా తగ్గకుండా పనికి అడ్డం పడుతుంటే మాత్రం డాక్టరుకి చూపించుకోవాలట. మాత్రలిచ్చారు, వారం వారం కూర్చోబెట్టి ఆ రోజు జరిగింది చెప్పించేవారు. మొదటి రెండుసార్లు మధ్యలోనే లేచి వచ్చేశాను. వెళ్లిన ప్రతిసారీ ఒకరోజు కూలి పోయేది, అది వేరే టెన్షన్.

ఇప్పుడు నయం. మిషన్ కిందే ఉంటోంది, గట్టిగా వానపడే రాత్రి తప్ప. ఆదివారం సాయంత్రాలు మా సందులో ఐదుగురం అరుగు మీద కూర్చుంటున్నాం. అందరిదీ ఇదే గొడవని కూర్చున్నాకే తెలిసింది! మందు మొదలెట్టిన ఆయన కూడా వస్తున్నాడు, ఎక్కువ మాట్లాడడు, టీ మాత్రం ఆయనే తెప్పిస్తాడు.

నేనడిగేది పెద్ద పనేం కాదు. బీపీ, షుగర్ చూడ్డానికి ఆశా కార్యకర్తలు ఎలాగూ ఇంటికి వస్తారు. వరద తగ్గాక నెల తిరిగేసరికి ఒకసారి, ఆర్నెల్లు తిరిగేసరికి మరోసారి నిద్ర గురించి, భయాల గురించి కూడా అడగమనండి, ఎలా అడగాలో వాళ్లకి నేర్పించండి. పరిహారం కాగితం మీద ఆ ఫోన్ నంబరు అచ్చు వేయించండి. ఈ ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోతే, మీరు కూడా ఆ 14416 ఒక్కటైనా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ