యువైటిస్ (కంటి లోపలి వాపు) రోగుల, కుటుంబాల సంఘం, తిరుపతి: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువ సేపు నలిగిన మాట ఒక్కటే: యాంజియో. చీటీ మీద అది చూసి పుత్తూరు సభ్యుడొకరి ఇంట్లో గుండెకు స్టెంటు వేస్తారేమోనని చుట్టాలంతా బయల్దేరబోయారు. ఇది కంటి యాంజియో. చేతి నరంలోకి ఫ్లోరెసిన్ అనే రంగు మందు ఎక్కిస్తారు. పది పదిహేను సెకన్లలో అది రెటీనా (కంటి వెనక గోడనున్న తెర) రక్తనాళాలకు చేరుతుంది. నీలి వెలుతురు పడితే మెరుస్తుంది, కెమెరా వరసగా ఫోటోలు తీస్తుంది. 1961లో అమెరికాలో నోవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు ప్రకటించిన పద్ధతి ఇది.

పరీక్ష తర్వాత కొన్ని గంటలు ఒళ్లు పచ్చబడుతుంది, ఒకటి రెండు రోజులు మూత్రం ముదురు పసుపుగా వస్తుంది. కామెర్లు కావు, పసరు మందుకు పరుగెత్తకండి (ఒకరు పరుగెత్తారు, పేరు చెప్పను). కొందరికి కాసేపు వికారం ఉంటుంది. అలర్జీ, ఆస్తమా, కిడ్నీ జబ్బు, గర్భం ఉంటే ముందే చెప్పాలి.

"చూపు బాగానే ఉంది కదా, మళ్లీ ఫోటోలెందుకు?" అని చాలామంది అడిగారు. వాపొచ్చిన నాళం గోడ నిలవలేక రంగు మందును బయటికి కారుస్తుంది. చార్టు మీద ఆఖరి వరస దాకా చదివినవారికీ రెటీనా అంచున ఆ కారడం కనబడొచ్చు. రక్తం అందని చోటు నల్లగా పడుతుంది. అక్కడ పుట్టే కొత్త నాళాలు బలహీనమైనవి, చిట్లి కంట్లో రక్తం నింపుతాయి. 1880లో హెన్రీ ఈల్స్ వివరించిన ఈల్స్ వ్యాధిలో జరిగేదీ ఇదే. మన దేశంలో అది ఎక్కువగా కుర్రాళ్లకే వస్తుంది.

సూది, రంగు మందు లేకుండా వెలుతురుతోనే స్కాన్ చేసే ఓసీటీ యాంజియో చాలు కదా అని నేనూ వాదించాను. అది నాళాల అల్లికను, రక్తం ఆగిన చోటును చూపుతుంది గానీ కారడాన్ని చూపదు. డాక్టరు రెండూ రాస్తే డబ్బు గుంజడమనుకోకండి.

అసలు చిక్కు పాత ఫోటోలతో వచ్చింది. జబ్బు తగ్గిందో పెరిగిందో తేలాలంటే పాతవాటి పక్కన కొత్తవి పెట్టి చూడాలి. ఒక చోట అడిగితే మసకబారిన ప్రింటు ఒకటి చేతిలో పెట్టారు. అందుకే ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోమని ప్రతి సమావేశంలోనూ చెబుతున్నాం.

కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక బస్సు బోర్డు కూడా కనబడదు. కుర్రాళ్లు కొందరు రోగులను బస్టాండు దాకా దింపి వచ్చారు. బ్రహ్మోత్సవాల రద్దీలో మాత్రం ఆ ఏర్పాటు నిలవలేదు, ఆ తప్పు మాదే. పలమనేరు, శ్రీకాళహస్తి వైపు తోడు వెళ్లేవారు ఇంకా కావాలి.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

కార్యదర్శి