తోట విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా వెదురు చుట్టూనే తిరిగింది. డెక్‌కి చాటు కోసమో, బీరపాదు పందిరికి కర్రల కోసమో అమెరికాలోని ఈ కనెక్టికట్ రాష్ట్రంలో మనవాళ్లు చాలామంది వెదురు పెంచుతున్నారు. మన మన్యం వెదురు పొదగా ఉన్నచోటే ఉంటుంది కాబట్టి ఇదీ అంతే అనుకుంటాం. ఇక్కడ ఎక్కువగా కనిపించే ఫిల్లోస్టాకిస్ అనే పాకే వెదురు రకాలు అలాంటివి కావు. వేరుకాండం నేలలో పైపైనే పాకి కంచె దాటుతుంది, మే నెలలో పక్కింటి లాన్‌లో పిలక లేస్తుంది.

అందుకే ఇక్కడ 2013 నుంచి చట్టం ఉంది. పక్క స్థలానికి గానీ రోడ్డుకి గానీ 40 అడుగుల లోపు పాకే వెదురు పెంచాలంటే వేర్లు దాటకుండా భూమిలో అడ్డు కట్టాలి, లేదంటే నేలమట్టి తగలకుండా పైన తొట్టిలో పెంచాలి. మన పెరళ్ల సైజుకి తొట్టే దారి.

ఏప్రిల్‌లో, పిలకలు రాకముందు, సభ్యుల వెదురుని పాత తొట్లలోంచి తీసి కొత్త తొట్లలోకి మార్చడానికి ఒక సభ్యుని డ్రైవ్‌వేలో జరిపిన తొట్టి మార్పిడి రోజు ఈ ఏడాదికే గర్వకారణం. పదకొండు తొట్లు వచ్చాయి. మూడేళ్లుగా కదపని ఒక తొట్టిని నలుగురం పట్టి బోర్లించినా రాలేదు, పక్కలు కోయాల్సి వచ్చింది. లోపల మట్టే కనపడలేదు. పసుపుపచ్చ వేరుకాండాలు తాడు చుట్టినట్టు చుట్టుకుని ఉన్నాయి. ఒకటి అడుగు కన్నంలోంచి దూరి, నేల మీద పరిచిన పేవర్ రాళ్ల సందులో జానెడు పాకేసింది. ఆ ఇంటి అమ్మమ్మగారు దాన్ని చేతిలోకి తీసుకుని, "తొట్టిలో పెట్టాంగా అనుకున్నామమ్మా" అన్నారు. అడుగు చూడకపోతే తొట్టి ఉన్నా లేనట్టే. దుబ్బుని రంపంతో నాలుగు ముక్కలు చేసి, రెండు కొత్త తొట్లలో నాటి, వాటిని ఇటుకల మీద ఎత్తిపెట్టాం. ఇటుకల మధ్య నుంచి వేళ్లు కనపడితే అప్పుడే కత్తిరించొచ్చు. మిగతా ముక్కలు కంపోస్టులో వేయలేదు, మళ్లీ మొలుస్తాయి. బాగా ఎండబెట్టి చెత్తలో వేశాం.

డ్రైవ్‌వే ఇచ్చిన దంపతులకు, రంపం తెచ్చిన అన్నయ్యగారికి, పులిహోర, మజ్జిగ తెచ్చిన అక్కయ్యలకు, సాయంత్రం దాకా మట్టి ఊడ్చిన పిల్లలకు మనసారా ధన్యవాదాలు. ఆ ఇద్దరు పిల్లలూ లేకపోతే చీకటి పడేది.

ఒక మాట చెప్పక తప్పదు. వాట్సాప్‌లో ఇరవై మంది "వస్తాం" అన్నారు, వచ్చింది ఏడుగురు. తొట్లు పంపి మనుషులు రాకపోతే ఎలా? సభ్యులకి నిబంధనలు వివరించమని ఒక టౌన్ ఆఫీసుకి మూడుసార్లు రాశాను, జవాబు లేదు. చివరికి చట్టం నేనే చదివి తెలుగులో ఒక పేజీ రాసి పంచాను. అది దాచుకోండి.

లెక్కలు కోశాధికారిగారు సరిచూశారు, పట్టిక జత చేశాం. మట్టికి, తొట్లకి పోను కొద్దిగా మిగిలింది.

చలికాలం రాకముందే తొట్లకి చుట్టూ గోనె చుట్టండి. నేలలో వేళ్లకున్న రక్షణ తొట్టిలో ఉండదు. ఎండాకాలం రోజూ నీళ్లు తప్పవు. కొత్తగా పెంచాలనుకునేవాళ్లు ముందు ఫార్జీసియా అనే వెదురు రకం చూడండి, అది పొదగానే ఉంటుంది, పాకదు.

వచ్చే ఏప్రిల్‌కి మరో ఎనిమిది తొట్లు వరుసలో ఉన్నాయి. రంపం మా గ్యారేజీలోనే ఉంది. రాగలిగినవాళ్లు ఈ సమావేశం అయ్యేలోపు నా దగ్గర పేరు రాయించుకోండి.

ఇట్లు,
కార్యదర్శి, తోట విభాగం