2024–25 వార్షిక నివేదిక: మెరుగుపరిచిన హెడ్డుకు తగిన క్యామ్‌షాఫ్ట్ ఎంపికపై మన సంఘం చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

నెల్లూరు ఆటోనగర్ కేంద్రంగా, కావలి, ఆత్మకూరు, ఒంగోలు సభ్యులను కలుపుకొని నడుస్తున్న మన మెకానిక్‌ల సంఘం 2024–25లో చేసిన పనుల వివరాన్ని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. మనలో చాలామందికి కూడు పెట్టేది ట్రాక్టర్లు, లారీలు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద తిరిగే డీజిల్ ఇంజిన్లు. రేసు కార్ల పని ఆసక్తి కొద్దీ చేసేదే. అయినా ఈ ఏడు మన అధ్యయన తరగతులన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. పోర్టులు (గాలి, పొగ వచ్చిపోయే దారులు) సాపు చేసి, వాల్వులు పెద్దవి వేసి మెరుగుపరిచిన సిలిండర్ హెడ్డుకు ఎలాంటి క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే కడ్డీ) సరిపోతుంది?

ఈ విషయాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. హెడ్డు పని చేయించుకున్న యువకులు తరువాత అడిగే మొదటి మాట "ఇప్పుడు దొరికేవాటిలో పెద్ద క్యామ్ ఏది?" అన్నదే. హెడ్డు పెద్దదైతే క్యామ్ కూడా పెద్దదై ఉండాలన్న ఊహ ఎక్కడినుంచి వచ్చిందో గాని, తరగతులలో మేము చూసిన లెక్కలూ కొలతలూ చాలావరకు దానికి ఎదురుగానే నిలిచాయి. గాలిని బాగా వదిలే హెడ్డుకు వాల్వును ఎక్కువసేపు తెరిచి ఉంచవలసిన అవసరం తగ్గుతుంది. అంటే అదే వేగంలో అదే శక్తి రాబట్టడానికి డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే కాలం, క్రాంక్ డిగ్రీలలో) తక్కువున్న క్యామ్ చాలు. ఈ ఒక్క మాట సభ్యులందరి మనసుకు పట్టడానికే సంవత్సరంలో సగభాగం పట్టింది.

ముందుగా ఫ్లో బెంచ్, అంటే హెడ్డు గుండా పోయే గాలిని కొలిచే సాధనం సంగతి. హెడ్డు గాలిని ఎంత వదులుతుందో కొలవకుండా క్యామ్ గురించి మాట్లాడడం నిరర్థకమని కార్యవర్గం భావించి, పాత వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్లతో, ప్లైవుడ్ పెట్టెతో, పారదర్శక ప్లాస్టిక్ గొట్టంలో రంగునీళ్లు పోసి చేసిన, పీడనం కొలిచే మానోమీటర్లతో సంఘం షెడ్డులోనే ఒక బెంచ్‌ను సభ్యులు నిర్మించారు. ప్రపంచమంతటా హెడ్డు కొలతలను ఎక్కువగా 28 అంగుళాల నీటి పీడనం దగ్గర చెబుతారు. మన మోటార్లు పెద్ద పోర్టు మీద అంత పీడనాన్ని నిలపలేవు గనుక 10 అంగుళాల దగ్గర కొలిచి లెక్క కట్టుకుంటున్నాము. ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుంది కనుక, 10 దగ్గర వచ్చిన అంకెను 1.67తో గుణిస్తే 28 దగ్గరి అంకెకు చేరువగా వస్తుంది. బయటి ప్రయోగశాల అంకెలతో ఇవి అచ్చంగా కలవకపోవచ్చు. మనకు కావలసింది పని చేయకముందు, చేసిన తరువాత అదే బెంచ్ మీద వచ్చే తేడా, లిఫ్ట్ (వాల్వు లేచే ఎత్తు) పెరిగేకొద్దీ ప్రవాహపు గీత ఎలా నడుస్తున్నదన్న సమాచారం. రోహిణీ కార్తె ఎండలలో మధ్యాహ్నపు కొలతలు తెల్లవారి కొలతలతో పొసగలేదు. అందువల్ల అన్ని కొలతలూ ఉదయం ఎనిమిదిలోగా ముగించాలన్న నియమం పెట్టుకున్నాము.

బెంచ్ మీద చూడవలసిన మొదటి విషయం లిఫ్ట్. వాల్వు పైకి లేచినప్పుడు దాని చుట్టూ ఏర్పడే సందు వైశాల్యం, వాల్వు వ్యాసంలో నాలుగో వంతు లిఫ్ట్ దగ్గర వాల్వు తల వైశాల్యంతో సమానమవుతుంది. 32 మిల్లీమీటర్ల వాల్వుకు అది 8 మిల్లీమీటర్లు. ఆ తరువాత అడ్డు సందులో ఉండదు, పోర్టు గొంతులోనూ మలుపులోనూ ఉంటుంది. పోర్టు పని చేయని హెడ్డులో గీత అక్కడికి ముందే చదునైపోతుంది, పని చేసినది ఇంకా పైకి వెళుతుంది. గీత 9 మిల్లీమీటర్ల దగ్గర చదునైన హెడ్డుకు 11 మిల్లీమీటర్ల క్యామ్ వేస్తే స్ప్రింగులకూ గైడులకూ శ్రమ తప్ప మిగిలేది స్వల్పం. అలాగని సరిగ్గా 9 దగ్గరే ఆగనక్కరలేదు. గరిష్ఠ లిఫ్ట్‌ను వాల్వు ఒక క్షణమే చూస్తుంది, దాని కిందున్న ప్రతి ఎత్తునూ మాత్రం లేచేటప్పుడూ దిగేటప్పుడూ రెండుసార్లు దాటుతుంది. కాబట్టి చదునైన చోటును కొద్దిగా మించిన లిఫ్ట్ ఉంటే వాల్వు ఎక్కువసేపు మంచి ప్రవాహంలో గడుపుతుంది. కాలువ తూమును వెడల్పు చేసి షట్టరును పాత ఎత్తుకే లేపితే చేను తడవదన్న సంగతి మన రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు.

రెండవది, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే వైపు) ప్రవాహం ఇన్‌టేక్ (గాలి లోపలికి వచ్చే వైపు) ప్రవాహంలో ఎన్నో వంతన్నది. అది 75 నుంచి 80 శాతం మధ్య ఉంటే రెండు వైపులా ఒకే డ్యూరేషన్ ఉన్న క్యామ్ చక్కగా సరిపోతుంది. 65 దగ్గరే నిలిచిపోతే ఎగ్జాస్ట్ వైపు ఆరు నుంచి పది డిగ్రీలు అదనంగా ఇవ్వడం వాడుక. ఇన్‌టేక్ పోర్టు మీదే చేతిపనంతా చూపి ఎగ్జాస్ట్‌ను వదిలేసిన హెడ్డులు ఆటోనగర్‌లో చాలా కనిపిస్తాయి. వాటికి క్యామ్‌తో సర్దుబాటు చేయవచ్చు గాని, ఎగ్జాస్ట్ పోర్టు మలుపు వద్ద కాస్త పని చేయడమే నయమని నా అభిప్రాయం. ఇన్‌టేక్ పోర్టును అవసరానికి మించి తొలిస్తే తక్కువ వేగాలలో గాలి వడి తగ్గి పికప్ చచ్చిపోతుంది, ఏ క్యామ్ కూడా దాన్ని తిరిగి తీసుకురాలేదు.

క్యామ్ కార్డులు (క్యామ్‌తో తయారీదారు ఇచ్చే కొలతల చీటీలు) చదవడం మీద ప్రత్యేకంగా తరగతులు నడిపాము. డ్యూరేషన్ అంకె ఏ లిఫ్ట్ దగ్గర కొలిచారో తెలియనిదే దానికి అర్థం లేదు. అమెరికన్ తయారీదారులు సాధారణంగా 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్ల దగ్గర చెబుతారు. మరికొందరు 1 మిల్లీమీటరు దగ్గర చెబుతారు. ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకె ఇంకా తక్కువ లిఫ్ట్ దగ్గరిది. రెండు కార్డుల మీదా 270 అని ఉన్నంత మాత్రాన రెండూ ఒకటే క్యామ్ కాదు. రెండు వైపులా 270 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల, అంటే క్యామ్ మీది ఉబ్బుల శిఖరాల మధ్య కోణం) 110 ఉన్న క్యామ్‌కు ఓవర్‌ల్యాప్ (రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే భాగం) 50 డిగ్రీలు. అదే క్యామ్‌ను 106 మీద గ్రైండ్ చేస్తే 58 అవుతుంది, ఐడిల్ ఊగిసలాడుతుంది, మానిఫోల్డ్ వ్యాక్యూమ్ పడిపోతుంది. మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచేది) మీద నడిచే ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఇంజిన్‌లలో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) ఆ తగ్గిన వ్యాక్యూమ్‌ను చూసి లోడు ఎక్కువైందనుకొని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, బ్రేక్ బూస్టరుకు చాలినంత వ్యాక్యూమ్ కూడా దొరకదు. మన ప్రాక్టీసు కారు పాత మారుతీ ఎస్టీమ్, 1298 సీసీ, పదహారు వాల్వులకూ ఒకే క్యామ్‌షాఫ్ట్. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబులు ఒకే కడ్డీ మీద ఉన్నందున లోబ్ సెపరేషన్ గ్రైండింగ్‌తోనే స్థిరమైపోతుంది. పుల్లీ జరిపితే రెండూ కలిసే జరుగుతాయి. రెండు క్యామ్‌లున్న ఇంజిన్‌కు ఉండే వెసులుబాటు ఇక్కడ లేదు.

తరగతులలో ఎక్కువ చర్చ జరిగింది కంప్రెషన్ మీద. ఇన్‌టేక్ వాల్వు మూసుకునేదాకా పిస్టన్ నిజంగా కుదించేది ఏమీ లేదు. డ్యూరేషన్ పెరిగితే ఆ మూసుకోవడం ఆలస్యమవుతుంది. బోర్డు మీద వేసిన లెక్కను ఇక్కడ పొందుపరుస్తున్నాను. కనెక్టింగ్ రాడ్ పొడవు స్ట్రోక్‌కు 1.6 రెట్లు, కంప్రెషన్ నిష్పత్తి 9.5 అనుకుందాం. 240 డిగ్రీల క్యామ్ సెంటర్‌లైన్ (పిస్టన్ పైకొస దాటాక ఇన్‌టేక్ వాల్వు పూర్తిగా లేచే డిగ్రీ) 108 మీద ఉంటే వాల్వు కింది డెడ్ సెంటర్ (పిస్టన్ అడుగుకు చేరే చోటు) దాటిన 48 డిగ్రీలకు మూసుకుంటుంది. అప్పటికి స్ట్రోక్‌లో దాదాపు 88 శాతం మిగిలి ఉంటుంది, అసలు కుదింపు 8.5 దగ్గర వస్తుంది. 270 డిగ్రీల క్యామ్‌ను 106 మీద పెడితే 61 డిగ్రీలకు మూసుకుంటుంది, మిగిలేది 80 శాతమే, కుదింపు 7.8కి దిగుతుంది. పోగొట్టుకున్నదాన్ని తిరిగి తేవాలంటే నిష్పత్తిని 10.3 దాకా పెంచాలి. మన ఎస్టీమ్ వంటి ఇంజిన్‌లో ఒక్కో సిలిండరు 324.5 సీసీ కనుక, కంబస్టన్ చాంబరు, గ్యాస్కెట్, పిస్టన్ పైభాగం కలిపి 38.2 సీసీ ఉండవలసిన చోటును 34.9కి తగ్గించడమన్న మాట. అందుకు హెడ్డు ఫేసింగ్ (అడుగు ముఖాన్ని కొద్దిగా కోయడం) చేయించాలి. ఫేసింగ్ చేస్తే వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి, టైమింగ్ బెల్టుతో నడిచే క్యామ్ క్రాంక్‌కు చేరువై టైమింగ్ కాస్త వెనక్కి జరుగుతుంది. దాన్ని సరిచేయడానికి సర్దుబాటు పుల్లీ కావాలి. పెద్ద క్యామ్ తెచ్చి పాత కంప్రెషన్ మీదే బిగించిన కారు ఊరిలో ఎందుకు మందంగా కదులుతుందో ఈ లెక్క చూశాక ఒంగోలు సభ్యులు అడగడం మానేశారు.

పెట్రోలు విషయం కూడా లెక్కలో చేరుతుంది. బంకులలో ఇప్పుడు వస్తున్న 20 శాతం ఇథనాల్ మిశ్రమానికి అదే గాలికి ఇంధనం కొంచెం ఎక్కువ కావాలి గనుక, మంచి హెడ్డు తెచ్చే అదనపు గాలితో కలిపి చూస్తే ఇంజెక్టర్ల సామర్థ్యాన్ని ముందే పరిశీలించుకోవడం మేలు.

కొత్త క్యామ్‌లు ఖరీదైనవి, అన్ని కార్లకూ దొరకవు. కంపెనీ క్యామ్‌నే రీగ్రైండ్ చేయించే పద్ధతి మన ప్రాంతంలో ఎక్కువ. ఇందులో లోబ్ ముక్కును ముట్టకుండా బేస్ సర్కిల్‌ను (లోబ్ వెనుకనున్న గుండ్రటి భాగాన్ని) చిన్నది చేసి లిఫ్ట్ పెంచుతారు. అందువల్ల ట్యాపెట్ సర్దుబాటుకు ఉన్న హద్దు, రాకర్ ముఖం లోబ్ మీద జరిగే చోటు, గట్టిపరిచిన పైపొర ఎంత మిగిలిందన్నది మూడూ చూడాలి. మన సభ్యుడొకరు పంపిన క్యామ్ బయటి దుకాణం నుంచి గ్రైండింగ్ అయి వచ్చినప్పుడు నాలుగు సిలిండర్ల లోబులు ఒకదానితో ఒకటి సరిపోలలేదు. మన డయల్ గేజి మీద తిప్పి చూడకపోయి ఉంటే అది బిగించేసేవారే. అప్పటినుంచి ఏ క్యామ్ వచ్చినా వీ బ్లాకుల మీద పెట్టి లోబ్ వారీగా కొలిచి రిజిస్టరులో రాయడం నియమమైంది.

వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య సందు విషయంలో రాజీ లేదు. ఇన్‌టేక్ వైపు కనీసం 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు ఉంచాలన్నది పాటించవలసిన వాడుక. వేడికి సాగే ఎగ్జాస్ట్ వాల్వును పిస్టన్ వెన్నంటి వస్తుంది గనుక దానికి ఎక్కువ. పిస్టన్ మీద మెత్తటి మట్టి అద్ది ఇంజిన్‌ను చేత్తో తిప్పి, మట్టి మందాన్ని కోసి చూసే పద్ధతిని యువ సభ్యులు స్వయంగా చేశారు. పై డెడ్ సెంటర్‌కు అటూ ఇటూ పది డిగ్రీల దగ్గర ప్రమాదం ఎక్కువని ఆ మట్టి ముద్రలే చూపాయి. స్ప్రింగ్ చుట్లు పూర్తి లిఫ్ట్ దగ్గర ఒకదానికొకటి తగలకుండా 1.5 మిల్లీమీటర్ల దాకా మిగలాలన్నదీ, రిటైనర్ కింది అంచు వాల్వ్ సీలును తాకకూడదన్నదీ అదే తరగతిలో చూపించాము.

సంవత్సరం చివర ఎస్టీమ్ ఇంజిన్ మీద ఒకే హెడ్డుతో రెండు క్యామ్‌లను పోల్చి చూశాము. పెద్దది ఆర్‌పీఎం మీటరు చివర కొంచెం ఎక్కువ లాగింది, మధ్యలో అంతకన్నా ఎక్కువ కోల్పోయింది. రెండో గేరు నిష్పత్తి 1.9, మూడోది 1.3 అనుకుంటే 6,500 దగ్గర గేరు మార్చినప్పుడు ఇంజిన్ 4,450 దగ్గరికి పడుతుంది. క్యామ్ అక్కడినుంచి లాగకపోతే పై అంకె కాగితం మీదనే మిగిలిపోతుంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ పొడవు 3.717 కిలోమీటర్లు, దాని మలుపుల మధ్య కారు ఎక్కువసేపు ఉండేది ఈ మధ్య వేగాలలోనే. అందుచేత కార్యవర్గం చిన్న క్యామ్‌నే ఖరారు చేసింది. ఒకరిద్దరు సభ్యులు దీనితో ఏకీభవించలేదు, వారి అభిప్రాయం మినిట్స్‌లో నమోదైంది.

చట్టం గురించి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం నిషిద్ధం. కాబట్టి సంఘం షెడ్డులో ఇలా తయారైన ఏ కారూ జాతీయ రహదారి 16 మీదికి గాని, మినీ బైపాస్ మీదికి గాని సొంతంగా నడిచి రాకూడదు, ట్రాక్‌కు ట్రక్కు మీదనే వెళ్లాలి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. డిగ్రీ ప్లేటు, డయల్ గేజి, బురెట్ కొనుగోలుకు అయిన ఖర్చు అందులో ఉంటుంది. రొట్టెల పండుగ రోజులలో దర్గామిట్ట వైపు రద్దీ కారణంగా తరగతులు ఆపి, తరువాతి వారాలలో భర్తీ చేశాము.

రానున్న సంవత్సరంలో రెండు క్యామ్‌ల ఇంజిన్‌ను తీసుకొని ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ సెంటర్‌లైన్‌లను విడివిడిగా జరిపి చూడాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. ఫ్లో బెంచ్ వాడదలచిన సభ్యులు హెడ్డును శుభ్రంగా కడిగి, వాల్వు సీట్లు కోయించి, కారు దేనికి వాడతారో, గేరు నిష్పత్తులు ఏమిటో రాసిన కాగితంతో తీసుకురావాలి. ఆ కాగితం లేని హెడ్డును బెంచ్ మీదికి ఎక్కించరాదన్న తీర్మానాన్ని సభ ఆమోదానికి ఉంచుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి