ముందు పికప్ చూడండి, తర్వాతే పెడల్

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో గిటార్ నేర్చుకునే పిల్లల కోసం వేసిన వ్యాసం చదివాను. కంప్రెసర్, బూస్టర్ అనే రెండు పెడల్స్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో తొక్కే పెట్టెలు) ఉంటే ఏ గిటార్ అయినా బాగా పలుకుతుందని అందులో రాశారు. ఇరవై ఏళ్లుగా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ చుట్టుపక్కల పెళ్లిళ్లలో, చర్చి కూటాల్లో, దసరా పందిళ్లలో వాయిస్తున్నవాడిగా ఈ మాట ఒప్పుకోలేను. గిటార్‌లో ఏ పికప్ (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఉందో అడగకుండా పెడల్ చెప్పడమంటే కాలు కొలవకుండా చెప్పులు కొనిపించడమే.

మా మేనల్లుడు రాయగడలో పని చేస్తూ మూడు నెలలు డబ్బు దాచి ఈ రెండు పెడల్స్ తెప్పించుకున్నాడు. వాడిది హంబకర్ రకం పికప్‌ల గిటార్. "మామయ్యా, మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకేలా వినిపిస్తోంది, బూస్టర్ తొక్కితే పర్రుమంటోంది, పెడల్ పాడైందేమో" అని టెన్షన్‌గా ఫోన్ చేశాడు. పెడల్ బాగానే ఉంది. హంబకర్‌లో రెండు కాయిల్స్ (సన్నని వైరు చుట్టలు) ఉంటాయి, సిగ్నల్ ముందే బలంగా వస్తుంది. కంప్రెసర్ చేసేది పెద్ద శబ్దాన్ని నొక్కి, తర్వాత మొత్తాన్ని పైకి లేపడం. అసలే లావుగా ఉన్న సిగ్నల్ మీద, ఆ నొక్కుడు ఎంతో నిర్ణయించే సస్టైన్ నాబ్ మూడొంతులు తిప్పితే తీగ మీటిన ఆ మొదటి దెబ్బ చచ్చిపోతుంది. ఇక బూస్టర్ సంగతి. ఎంఎక్స్ఆర్ మైక్రో ఆంప్ లాంటివి 26 డెసిబెల్స్ వరకు పెంచుతాయి, అంటే వోల్టేజి దాదాపు 20 రెట్లు. అంత సిగ్నల్‌ని మల్టీ ఎఫెక్ట్స్ బాక్సు ఇన్‌పుట్‌లోకి తోస్తే అది పగిలినట్టు మోగుతుంది మరి. వాడిచేత స్క్రూడ్రైవర్‌తో పికప్‌లు కొంచెం కిందికి దింపించాను, కంప్రెసర్ నాబ్‌ని గడియారంలో తొమ్మిది అంకె ఉండే వైపుకి తగ్గించమన్నాను, బూస్టర్‌ని డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) తర్వాతకి మార్పించాను. డిస్టార్షన్‌కి ముందు పెడితే గరుకు పెరుగుతుంది గానీ సోలోలో వాల్యూమ్ పెద్దగా పెరగదు. తర్వాత పెడితేనే పాటలోంచి గిటార్ బయటికి వస్తుంది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

సింగిల్ కాయిల్ గిటార్‌కి లెక్క వేరు. అది సన్నగా, తేటగా పలుకుతుంది కాబట్టి క్లీన్ రిథమ్‌కి కంప్రెసర్ అందంగా కుదురుతుంది, ముందు పెట్టిన బూస్టర్ ఆంప్‌కి కాస్త ఒంటి బలం ఇస్తుంది. కానీ 50 హెర్ట్జ్ కరెంటు హమ్‌ని (కరెంటు వైర్ల నుంచి వచ్చే గుయ్యి శబ్దాన్ని) కూడా అదే పట్టుకుంటుంది. గుణుపురంలో ఒక క్రిస్మస్ కూటంలో పాట అయిపోయి పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. నేను తీగల మీద చెయ్యి తీసిన క్షణంలో ఏమీ లేదు, రెండు సెకన్లకి గుయ్యిమని హమ్ లేచి ఆయన మాటల మీద పడింది. మీటడం ఆగగానే కంప్రెసర్ తన నొక్కుడు వదిలేసి ఆ హమ్‌ని పైకి తెచ్చింది. లైట్ల బాక్సుకి దూరంగా జరిగి గిటార్‌ని కొద్దిగా పక్కకి తిప్పితే సగం తగ్గింది, పెడల్ ఆపితే మిగతాది పోయింది. ప్రార్థన మధ్యలో అలా జరిగినందుకు ఆ రాత్రంతా మనసు బాగాలేదు. ఆ పందిట్లో ప్లగ్గులకి ఎర్తింగ్ లేదని తర్వాత తెలిసింది, మా వైపు చాలా పందిళ్లలో అదే పరిస్థితి, ప్రాణాలకే ముప్పు, దాని గురించి కూడా మీరు రాయాలి.

చర్చి పిల్లల దగ్గర ఎక్కువగా ఉండేది అకౌస్టిక్ గిటార్. అందులో పీజో (బ్రిడ్జి దగ్గర తీగల ఒత్తిడిని పట్టుకునే పికప్) ఉంటే, లోపల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ (పికప్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు చేసే సర్క్యూట్) లేకపోతే, కంప్రెసర్ కంటే ముందు కావలసింది కనీసం 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీఆంప్. అది లేకుండా మిక్సర్‌కి తిన్నగా గుచ్చితే బేస్ పోయి రేకు డబ్బాలా మోగుతుంది. దాని మీద బూస్టర్ తొక్కితే ఫీడ్‌బ్యాక్ కూత.

ఇక్కడ పెడల్ తొక్కి విని చూసి కొనే షాపు మాకు అందుబాటులో లేదు, బరంపురమో విశాఖో పోవాలి, లేదా ఆన్‌లైన్‌లో చూసి ఆర్డర్ పెట్టాలి. బడిలో ఒడియా చదివి ఇంట్లో మీ పేపర్‌తో తెలుగు నేర్చుకునే పిల్లలు మీరు రాసింది నమ్మి డబ్బు పెడతారు. అందుకే ఆ వ్యాసానికి సవరణ వేయమని అడుగుతున్నాను. పికప్ గుర్తుపట్టడం ఎలాగో ఫొటోలతో చూపించండి చాలు: ఆరు చుక్కలు ఒకే వరసలో సన్నగా ఉంటే సాధారణంగా సింగిల్ కాయిల్, రెండు వరసలుగా వెడల్పుగా ఉంటే హంబకర్, పైన ఏమీ కనిపించని అకౌస్టిక్‌లో బ్రిడ్జి మీది తెల్ల పట్టీ కింద పీజో ఉండొచ్చు. ఫొటోలకి గిటార్లు కావాలంటే మా ఆర్కెస్ట్రా దగ్గర మూడు రకాలూ ఉన్నాయి, ఎప్పుడైనా రండి.

ఇట్లు,
ఒక ఆర్కెస్ట్రా గిటారిస్టు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా