యాడ్లకు పెట్టే పైసలు పీసులు చెక్ చేసుడుకు పెట్టండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది మిర్యాలగూడల మొబైల్ సామాన్ల షాపు, చార్జర్లు కవర్లు హెడ్‌ఫోన్లు అమ్ముకొని బతుకుతున్నం. వెయ్యి రూపాయల లోపు హెడ్‌ఫోన్లు, ఇయర్‌బడ్స్ అమ్మే ఒక కంపెనీ మాల్ మా దగ్గర బాగ పోతది. పేరు రాస్తలేను, ఎందుకంటే ఈ రోగం ఆ ఒక్క కంపెనీకే లేదు, ఈ రేట్ల అమ్మే చానా బ్రాండ్లది ఇదే కథ.

ముందుగాల ఒక మాట చెప్పాలె. తక్కువ రేటు హెడ్‌ఫోన్ అంటే చెత్త అని నేను అంటలేను. అదే కంపెనీ మాల్‌ల మంచి పీస్ పడ్డదంటే పాట కమ్మగ వినొస్తది, కాల్ క్లియర్ ఉంటది, పెట్టిన పైసకు న్యాయం అయితది. బాధ ఏందంటే అదే కార్టన్ల నుంచి తీసిన రెండో పీస్ అట్ల ఉండదు. ఒకదాంట్ల ఎడమ చెవి సౌండ్ తక్కువ, ఇంకోదాంట్ల మైక్‌ల గరగర, ఇంకోటి మడిచే కాడ పుటుక్కున ఇరుగుతది, బడ్స్ అయితే వాటిని పెట్టి చార్జ్ చేసే డబ్బా, అదే కేసు, దాంట్ల పిన్నులు సరిగ ఆనక ఒకటే బడ్ చార్జ్ అయితది. డబ్బా అదే, మోడల్ నంబర్ అదే, రేటు అదే. కస్టమర్‌కు ఏది పడుతదో అది వాళ్ల అదృష్టం మీద పెట్టిండ్రు.

ఇట్ల ఎందుకైతదో ఈ వ్యాపారంల ఉన్నోళ్లకు తెలుసు. ఈ బ్రాండ్లల్ల చానా మంది సొంతంగ తయారు చెయ్యరు, ఫ్యాక్టరీల రెడీగ ఉన్న మోడల్ తీసుకొని పేరు కొట్టించుకుంటరు. ఫస్ట్ లాట్ మంచిగ వస్తది, దాన్ని చూసే వీడియోలోళ్లు మెచ్చుకుంటరు, తర్వాత లాట్ల లోపలి బ్యాటరీ గానీ బోర్డు గానీ మార్చినా బయట ఎవరికీ చెప్పరు. ప్రతి పీస్ రెండు చెవులు సమానంగ మోగుతున్నయా, మైక్ పని చేస్తున్నదా అని ప్యాక్ చేసే ముందు చూడాలంటే మనిషి కావాలె, టైం కావాలె, ఖర్చు కావాలె. ఆ ఖర్చు మిగిలిచ్చి దాన్ని యాడ్ల మీద పోస్తున్నరు.

ఇగ యాడ్ల సంగతి. డబ్బా మీద పెద్దక్షరాలతోని 40 గంటలు అని ఉంటది, అది కేసు చార్జింగ్ కలిపి, సౌండ్ సగం పెట్టి, బయటి లొల్లి తగ్గిచ్చే నాయిస్ క్యాన్సిలేషన్ బంద్ చేస్తే వచ్చే లెక్క, కానీ ఆ ముచ్చట అడుగున చీమ తలకాయంత అక్షరాలల్ల ఇంగ్లిష్‌ల ఉంటది. ఈఎన్‌సీ అని రాస్తరు, అది మనం మాట్లాడినప్పుడు అవతలోళ్లకు చుట్టుపక్కల లొల్లి వినపడకుండ చేసేది, మన చెవికి బయటి సౌండ్ తగ్గిచ్చేది ఏఎన్‌సీ. రెండూ ఒకటే అన్నట్టు యాడ్ చేస్తరు, రైస్ మిల్లుల పని చేసే పిలగాడు మిషన్ సౌండ్ వినపడదని నమ్మి కొంటడు. ఐపీఎక్స్4 అంటే నీళ్ల చుక్కలు మీద పడితే తట్టుకుంటది అని, వానల తడిసినా నీళ్లల్ల పడ్డా ఏం కాదని గాదు. 4,999 కొట్టేసి 899 అని రాస్తరు, ఆ 4,999కి ఒక్కలన్నా ఎప్పుడన్న కొన్నరా? డబ్బాల ఒక కార్డు పెడుతరు, ఫైవ్ స్టార్ పెట్టి ఫొటో పంపితే పైసలు ఇస్తం అని. ఆ స్టార్లు చూసే కదా మళ్లొకరు కొనేది.

కొనేటోళ్లు ఎవరో గూడ చెప్పాలె. గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేటోళ్లు, ఫోన్ల క్లాసులు వినే హాస్టల్ పిల్లలు, పాలమూరు దిక్కు నుంచి హైదరాబాద్ పోయి పని చేసుకుంట రాత్రిపూట ఇంటోళ్లతోని మాట్లాడుకునే కూలీలు. దామరచర్ల దిక్కు నుంచి ఒకమ్మ వచ్చి "మంచిది జూసి ఇయ్యి బిడ్డా, మా పిలగాడు క్లాసులు ఇనాలె" అని కొంగుముడి ఇప్పి పైసలు తీసిచ్చింది. నెల తిరగకుండనే ఒక చెవి పోయింది. వారంటీ ఉన్నది, కానీ ఇంగ్లిష్ వెబ్‌సైట్ల రిజిస్టర్ చెయ్యాలె, ఓటీపీ రావాలె, వీడియో తీసి పంపాలె, తర్వాత మన ఖర్చుతోనే కొరియర్ చెయ్యాలె. జిల్లాల సర్వీస్ సెంటర్ లేదు. ఆమె ఎవల్ని అడగాలె, నన్నే అడిగింది. డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేస్తే కంపెనీతోనే మాట్లాడుకో అన్నడు.

ఇంకో భయం చెవులది. ఒక పక్క సౌండ్ తగ్గిన పీస్ పెట్టుకున్నోళ్లు అది వినపడేందుకు వాల్యూం పెంచుతరు, బాగున్న చెవిల మోత మోగుతది. 80 డెసిబుల్స్ సౌండ్ అయితే వారానికి 40 గంటల దాక పర్వాలేదు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, సౌండ్ పెరిగిన కొద్దీ ఆ టైం జల్ది పడిపోతది. ఇట్ల వినుడుతోని లోకంల 100 కోట్లకు పైగా యువకుల వినికిడికి ముప్పున్నదని గూడ అదే సంస్థ అంటున్నది.

చట్టం లేదా అంటే ఉన్నది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టిచ్చే యాడ్‌కు 10 లక్షల దాక, మళ్ల చేస్తే 50 లక్షల దాక జరిమానా ఎయ్యొచ్చు. 2022ల వచ్చిన గైడ్‌లైన్స్‌ల యాడ్ ఏ భాషల ఉంటే షరతులు గూడ ఆ భాషలనే ఉండాలని ఉన్నది. మరి తెలుగుల యాడ్ చేసి షరతులు ఇంగ్లిష్‌ల ఎట్ల పెడుతున్నరు? వైర్‌లెస్ హెడ్‌ఫోన్లకు బీఐఎస్ (సామాన్ల ప్రమాణాలు చూసే కేంద్ర సర్కారు సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, డబ్బా మీద ఆర్ తోని మొదలయ్యే నంబర్ ఉంటది, బీఐఎస్ కేర్ యాప్‌ల కొట్టి చూసుకోవచ్చు. కాకపోతే అది సేఫ్టీకే, సౌండ్ మంచిగుంటదని గాదు, ఈ తేడా జనానికి తెల్వదు.

మోసపోయినోళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. కొన్నది ఎక్కడైనా సరే, మనముండే జిల్లా వినియోగదారుల కమిషన్ల కేసు ఎయ్యొచ్చు, 5 లక్షల లోపు సామాన్‌కు ఫీజు లేదు, వకీలు గూడ అవసరం లేదు, రెండేండ్ల లోపల ఎయ్యాలె. బిల్లు మాత్రం పారెయ్యొద్దు. బిల్లు అడిగితే జీఎస్టీ అని భయపెట్టే షాపులోళ్లు మాలో గూడ ఉన్నరు, అట్లాంటోళ్ల దగ్గర కొనకండ్రి.

కంపెనీలను నేను అడిగేది ఇంతే. ప్యాక్ చేసే ముందు ప్రతి పీస్ రెండు చెవులు, మైక్, చార్జింగ్ చూడండ్రి. బ్యాటరీ గంటలు కేసు లేకుండ ఎన్నో డబ్బా ముందట తెలుగుల రాయండ్రి. నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి జిల్లా టౌన్లల్ల పాడైన పీస్ తీసుకొని మార్చిచ్చే ఒక కౌంటర్ పెట్టండ్రి. మీ పత్రికోళ్లు గూడ ఈ కంపెనీలను, తూనికలు కొలతల అధికారులను అడిగి వాళ్లేమంటరో జిల్లా పేజీల ఎయ్యాలని కోరుతున్న.

ఇట్లు,
ఒక మొబైల్ షాపు యజమాని,
మిర్యాలగూడ, నల్గొండ జిల్లా