మీల్‌మేకర్ మీద మాంసం

చెన్నై

ఒరేయ్ సుబ్బూ,

"కణాల్ని పెంచి మాంసం చేస్తారంటున్నావు, దాంతో ముక్క వస్తుందా, ఖీమాయేనా?" అని మొన్న ఫోన్‌లో అడిగావు. మెస్ నడిపేవాడివి కాబట్టి సరిగ్గా అసలు చిక్కు మీదే వేలు పెట్టావురా. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను, మిగతాది రాస్తున్నా.

2013లో లండన్‌లో మార్క్ పోస్ట్ అనే శాస్త్రవేత్త చూపించిన, ఇలా పెంచిన మాంసంతో చేసిన మొదటి బర్గర్ ఖీమా లాంటిదే. సుమారు 20,000 సన్నని కండర పోగుల్ని విడిగా పెంచి, చివర్లో కలిపి ఒత్తారు. విడిగా ఎందుకంటే, ప్రాణి ఒంట్లో రక్తనాళాలు ఉంటాయి, ల్యాబ్‌లో ఉండవు. నాళాల్లేకుండా ఆక్సిజన్ లోపలికి వెళ్ళేది మహా అయితే 0.2 మిల్లీమీటర్లు. అంతకు మించి మందమైతే నడిమి కణాలు చచ్చిపోతాయి. పైగా కండర కణం దేన్నో ఒకదాన్ని పట్టుకుంటేనే బతుకుతుంది. తీగకు పందిరి వేసినట్టు దానికీ ఏదో ఆధారం కావాలి. మేం స్కాఫోల్డ్ అనేది దాన్నే. అందులో సన్నని రంధ్రాలుండాలి, మరీ గట్టిగా ఉండకూడదు, మరీ మెత్తగానూ ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అది నోట్లో పెట్టుకునేదై ఉండాలి.

మన ఒంట్లో ఆ పని చేసేది కొల్లాజెన్ అనే ప్రొటీన్. మూడు గొలుసులు మెలిపడి ఉండే దాని నిర్మాణాన్ని 1954లో ప్రతిపాదించింది ఇక్కడే, మద్రాసు యూనివర్సిటీలో, జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. తోలంటే ఎక్కువగా కొల్లాజెనే కదా, అడయారులో తోలు పరిశోధన సంస్థ ముందు నుంచి బస్సు వెళ్ళినప్పుడల్లా అది గుర్తొచ్చి ఛాతీ ఉప్పొంగుతుందిరా, నిజంగా.

కానీ కొల్లాజెన్, దాన్నుంచి తీసే జెలటిన్ మామూలుగా వచ్చేది చర్మాల నుంచి, ఎముకల నుంచే. 2019లో హార్వర్డ్‌లో కిట్ పార్కర్ బృందం జెలటిన్ పోగుల మీద కుందేలు, ఆవు కండర కణాలు పెంచింది. మంచి పనే. అయినా పశువును కోయకుండా మాంసం అని చెప్పి, ఆధారం మాత్రం పశువు తోలులోంచి తీస్తామంటే నా మనసు ఒప్పుకోదు.

అందుకే నా చూపంతా మొక్కల మీదే. ఆపిల్ ముక్కలోని కణాల్ని కడిగేసి, మిగిలిన సెల్యులోజ్ (మొక్క కణాల గోడల్లోని పీచు) మీద జంతు కణాలు పెరుగుతాయని ఒట్టావాలో ఆండ్రూ పెల్లింగ్ బృందం 2014లో చూపించింది. బోస్టన్‌లో పాలకూర ఆకు మీద ఆవు కణాలు పెంచారు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ ఉంది, కాల్షియం తగలగానే గడ్డకడుతుంది. కానీ ఉత్త ఆల్జినేట్‌ని కణాలు పట్టుకోవు, వాటికి పట్టు దొరికేలా పెప్టైడ్‌లు, అంటే చిన్న ప్రొటీన్ ముక్కలు, దానికి అతికించాలి. ఖర్చు అక్కడే పెరుగుతుంది.

నాకు బాగా నచ్చింది 2020లో ఇజ్రాయెల్‌లో షులమిత్ లెవెన్‌బర్గ్ బృందం చేసింది. వాళ్ళు వాడింది పోగులు తేలేలా చేసిన సోయా ప్రొటీన్, అంటే మన మీల్‌మేకర్ రకమేరా! లోపలంతా రంధ్రాలే, ఆవు కణాలు వాటిలోకి పాకి కండరంగా మారాయి. మన దేశంలో ఏదైనా నిలబడితే ఇదే నిలబడుతుందని నా నమ్మకం. కిరాణా కొట్లో దొరుకుతుంది, చవక, జనానికి అలవాటైన తిండి. సోయా వాసన ఒక ఇబ్బంది. ఇక తయారైన ముక్కలో సోయా ఎంత, మాంసం ఎంత అన్నది ప్యాకెట్ మీద స్పష్టంగా రాసి తీరాలి. అది దాచి అమ్మితే నేను ఒప్పుకోను.

నీతో ఒక పని ఉంది. మీల్‌మేకర్ నానబెట్టి గట్టిగా పిండి, ఒకటి వేళ్ళతో చీల్చి చూడు. తర్వాత నాటుకోడి తొడముక్క ఉడికించి అలాగే చీల్చు. పోగు ఎటు సాగింది, పంటికి ఎక్కడ తేడా తగిలింది, అన్నీ వివరంగా రాసి పంపు. మా ల్యాబ్‌లో మెషీన్ ఇచ్చే గట్టిదనం అంకెల పక్కన పెట్టుకుంటాను.

నీ
రఘు